కాలేజీ వరండాలో ఊరి వరస

మేము కాలేజీలో చేరిన ఏడు మా పి.యు.సి. తరగతిలో అరవై మంది మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలం. మా నలుగురికీ ఆఫీసు పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. దాని పేరు లేడీస్ రూమ్. లోపల ఒక బల్ల, ఒక నీళ్ల కుండ, మేకుకు తగిలించిన అద్దం. గంట కొట్టగానే మగపిల్లలు తోసుకుంటూ తరగతిలోకి పోయేవారు. మేం మాత్రం అట్లా పోకూడదు. లెక్చరరు గారు హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి మా గది ముందు ఒక దగ్గు దగ్గేవారు. అప్పుడు మేం లేచి, ఆయన వెనక ఒకరి వెంట ఒకరం, తల వంచుకుని వరండా పొడుగునా నడిచి తరగతిలోకి చేరాలి. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకే బయటికి రావాలి. రోజుకు ఐదు పాఠాలుంటే ఐదుసార్లు ఈ ఊరేగింపు. మా నాయన తోలుకుపోయే గొర్రెలు కూడా ఇంత బుద్ధిగా నడవవని మొదటి వారంలోనే పక్కనున్న అమ్మాయితో అన్నాను. ఆమె తహసీల్దారు ఆఫీసు గుమాస్తా గారి కూతురు, పద్ధతులు తెలిసిన పిల్ల. "అట్ల అనొద్దు, ఎవరన్నా వింటే బాగుండదు" అంది. నాకు చిన్నప్పటినుంచీ నోరు ఆగదు. ఆ ఏడు జరిగిందంతా ఆ నోటి వల్ల జరిగిందే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు నిండలేదు. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. కాలేజీ కొత్తది. సొంత భవనం లేదు, ఎవరో షావుకారు తన గోడౌన్లు ఖాళీ చేసి ఇచ్చాడు. కింద పలకరాయి బండలు పరిచారు కాబట్టి ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉండేది. అంతకు మించి సుఖం ఏమీ లేదు. లెక్చరర్లలో సగం మంది కృష్ణా, గుంటూరు వైపు వాళ్లు. వాళ్లు "వచ్చాడు, వెళ్ళాడు" అంటే మాకు రేడియో విన్నట్టుండేది. మేము "వచ్చినాడు, పోయినాడు" అంటే వాళ్లకు నవ్వొచ్చేది. మా ఇంగ్లీషు లెక్చరరు గారు మా మాటల్ని ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, సెలవుల్లో ఇంటికి పోయి అందరికీ చదివి వినిపిస్తారని మగపిల్లలు చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో తెలియదు. పాతికేళ్లు కూడా లేని మనిషి, కొత్తగా పెళ్లయి భార్యను పుట్టింట్లో వదిలి వచ్చాడు. హోటలు కూడు పడక నెలకోసారి జ్వరం తెచ్చుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద జాలే తప్ప కోపం రాదు. అప్పుడు మాత్రం బోలెడంత కోపం ఉండేది.

మా ఊరు యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున. నాయనకు ఒక మంద గొర్రెలు, కొంచెం మెట్ట చేను. సజ్జలు, ఆముదాలు, కందులు పండేవి. నన్ను చదివించాలన్న పట్టుదల మా అమ్మది. ఆమెకు సంతకం కూడా రాదు. బస్సు పేరు చదవలేక ఒకసారి వేరే బస్సెక్కి ఒక పగలంతా వెనక్కి నడిచి వచ్చిందట. ఆ కోపం కొద్దీ నన్ను కాలేజీ దాకా తెచ్చింది. మార్కాపురంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. పెద్దనాయన పలకల కార్ఖానాలో పని చేసేవాడు. రాతి పలకలు అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగించే పని. ఆయన ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. మంచి మనిషే గానీ నలుగురు ఏమనుకుంటారోనన్న భయం ఆయనకు ఆకలి కంటే ఎక్కువ.

ఇక నా నోటి వల్ల చిక్కుల్లో పడ్డ అతని సంగతి చెప్పాలి. మా ఊరికి ఆనుకుని వాగు అవతల ఒక పల్లె ఉంది. అక్కడ ఎక్కువమంది క్రైస్తవులు. రేకుల కప్పుతో చిన్న చర్చి కట్టుకున్నారు. ఆ పల్లె ఆడవాళ్లు మా చేలల్లో కలుపులకూ కోతలకూ వచ్చేవారు. వాళ్లలో ఒకామెకూ మా అమ్మకూ పుట్టిల్లు ఒకే ఊరు, పొదిలి దగ్గర. ఇద్దరూ అక్కడినుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చారు. పుట్టింటి ఊళ్లో మా అమ్మ ఆమెను చిన్నమ్మా అని పిలిచేది. ఇక్కడికి వచ్చాక కూడా ఆ పిలుపు మారలేదు. కాబట్టి ఆమె నాకు చిన్నవ్వ. ఆమె కొడుకు మా అమ్మకు తమ్ముడు, నాకు మామ. మా వైపు ఊళ్లలో ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు. దుకాణం ఆయన తాత, కుండలు చేసే ఆయన చిన్నాయన, వాగు అవతలి అతను మామ. నడక నేర్చుకున్నట్టే ఈ వరసలూ నేర్చుకున్నాం.

అతను నాకంటే మూడేళ్లు పెద్ద. మధ్యలో చదువు ఆగి, కూలికి పోయి, మళ్లీ బడికి వచ్చాడు. అందుకే పి.యు.సి.లో ఇద్దరం ఒకే తరగతిలో పడ్డాం. చర్చి పెద్దలు ఫీజు కట్టి, తెలిసినవాళ్ల పెంకుటింట్లో ఒక మూల చోటు ఇప్పించారు. నడవడిక బాగుందని కాలేజీ వాళ్లు రాసిస్తేనే ఆ సాయం నిలుస్తుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. చిన్నవ్వ కలుపు తీస్తూ తీస్తూ నూటొక్కసారి చెప్పుకునేది.

కాలేజీలో అతను కాస్త పేరున్నవాడే. బాల్ బాడ్మింటన్ బాగా ఆడేవాడు. ఉన్నవి రెండు పైజామాలు, వాటిలో ఒకటి ఆటకు. సాయంత్రం మేం ఇంటికి పోయేటప్పుడు కోర్టు చుట్టూ మగపిల్లలు మూగి ఉండేవారు. ఓడిన జట్టు గెలిచిన జట్టుకు బస్టాండు హోటల్లో టీ ఇప్పించాలి. టీ తాగుతూ లెక్చరర్లను వాళ్లు అనుకరించడం, ఒకరికొకరు మారుపేర్లు పెట్టుకోవడం, ఏ సినిమా వచ్చిందో బండి వాడు అరిస్తే వినడం, ఇవే వాళ్ల లోకం. మాకు ఆ లోకం గోడ అవతలి చప్పుడు. నోట్సు కావాలన్నా మగపిల్లల్ని అడగకూడదు. అటెండరు తాత ద్వారా చీటీ పంపాలి. ఆ తాత ప్రతి చీటీనీ ముందు తాను చదివి, అందులో ఏమీ లేదని తేల్చుకుని, తర్వాత చేరవేసేవాడు.

అతను, నేను కాలేజీలో మాట్లాడుకున్నది లేదు. శనివారం సాయంత్రం ఊరికి పోయే బస్సులో మాత్రం ముందు సీట్లలో నేను, వెనక అతను. దిగాక ఊరి దాకా నడుస్తూ, "ఏం పాపా, ఆ ఇంగ్లీషు పద్యం నీకేమన్నా తలకెక్కిందా" అని అతను అడిగేవాడు. "ఎక్కలే మామా" అనేదాన్ని. "నాకూ ఎక్కలే" అనేవాడు. ఇద్దరికీ ధైర్యంగా ఉండేది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక శనివారం నేను ఊరికి పోలేకపోయాను. పెద్దమ్మ పోనివ్వలేదు. ఆదివారం ఎవరో వచ్చి, మా అమ్మకు చలిజ్వరం తగిలింది, మనిషి లేవడంలేదు అని చెప్పిపోయారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నాకు నిద్ర లేదు. సోమవారం పొద్దున కాలేజీకి పోయాను. దగ్గు వినిపించింది. ఇంగ్లీషు లెక్చరరు గారి వెనక నలుగురం బయల్దేరాం. వరండా సగం నడిచేసరికి అతను ఎదురుగా వచ్చాడు. నేరుగా ఊరి బస్సు దిగి వస్తున్నాడు, కాళ్లకు ఇంకా మా వాగు బురద ఉంది.

నాకు కాలేజీ గుర్తు లేదు. "మామా, మా అమ్మ ఎట్లుంది?" అని గట్టిగా అడిగేశాను.

అతను నిలబడిపోయాడు. లెక్చరరు గారూ నిలబడ్డారు. "బాగుంది, నిన్న గంజి తాగింది" అని అతను నేల చూస్తూ చెప్పి, పక్కకు తప్పుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. లోపల తరగతిలో అప్పటిదాకా ఉన్న గోల ఒక్కసారి ఆగి, మళ్లీ పదింతలై లేచింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మా వైపు ఆడది మామా అనేది మేనమామను, కట్టుకున్నవాడిని కూడా. వినేవాడికి ఏది ఇష్టమైతే అది వింటాడు. అరవై మంది ఏది విన్నారో వేరే చెప్పాలా?

మొదట అంతా సరదాగానే నడిచింది. హాజరు పిలిచేటప్పుడు అతని నంబరు రాగానే వెనక బెంచీ నుంచి "ప్రెజెంట్ మామా" అని ఎవరో అనేవారు. కోర్టులో అతను బంతి కొడితే "మామ కొట్టినాడు" అని చప్పట్లు. నల్లబల్ల మీద ఒకరోజు మామ అనే రెండక్షరాలకు మీసాలు పెట్టి బొమ్మ గీశారు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ బాగుంది. నాకు నవ్వొచ్చింది, పంటికింద పెదవి నొక్కుకుని ఆపుకున్నాను. వాళ్లకు మా మీద ద్వేషం ఏమీ లేదు. ఆడపిల్ల గొంతు వినడమే పండగైన పిల్లలు, దొరికిన మాటను నాలుగు రోజులు నమిలారు. అది అంతటితో పోయేదే.

పోలేదు. మా కులం పిల్లోడే ఒకడు, పొదిలి వైపునుంచి వచ్చినవాడు, అతనిది ఏ పల్లో ఆరా తీశాడు. ఆ సాయంత్రం కోర్టు దగ్గర వాడు అంటున్న మాట మేం దాటిపోతూ విన్నాం. "ఆ పల్లె వాడు మన పిల్లతో మామ అనిపించుకునేదేంది? ఏందిరా ఇది?" ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి హాజరులో ఆ నంబరు దగ్గర నిశ్శబ్దం. అంతకుముందున్న గోలే నయమనిపించింది. వారం తిరిగేసరికి ప్రిన్సిపాలు గారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆడపిల్లలతో చనువుగా ఉంటున్న ఫలానా విద్యార్థిని పంపించేయకపోతే మా ఊళ్లనుంచి ఆడపిల్లల్ని కాలేజీకి పంపం అని అందులో ఉందట. దానికి తోడు, వరండాలో తాను విన్నది నిజమేనని లెక్చరరు గారు చెప్పారు. విన్నది నిజమే మరి. అబద్ధం ఆడే మనిషి కాదాయన.

గుమాస్తా గారి కూతురు ఆ సంగతి నాకు మోసుకొచ్చింది. "నిన్నేమీ అనరంట. ఆ అబ్బాయికి టీసీ ఇచ్చి పంపిస్తారంట" అంది. టీసీ చేతిలో పెడితే చర్చి వాళ్ల సాయం ఆ రోజే ఆగిపోతుంది. మా చుట్టుపక్కల ఇంకో కాలేజీ లేదు. ఇరవై ఏళ్లు వచ్చాక చదువు రెండోసారి ఆగితే ఇక మళ్లీ మొదలు కాదు, మా చేన్లో వాళ్లమ్మ పక్కన ఇంకో సాలు పట్టుకోవడమే. అదంతా మా అమ్మకు జ్వరం వచ్చినందుకు, నేను అడిగినందుకు.

రెండో రోజు పిలిచారు. ప్రిన్సిపాలు గారి గదిలో పెద్దనాయన అప్పటికే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. కార్ఖానా నుంచి అట్లాగే రప్పించినట్టున్నారు, చొక్కా నిండా దుమ్ము. కిటికీ దగ్గర లెక్చరరు గారు. తలుపు పక్కన అతను, చేతులు కట్టుకుని. బల్ల మీద ఒక కాగితం రాసి పెట్టి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"భయపడకమ్మా. ఈ అబ్బాయి నీకు తెలుసా?" అని ప్రిన్సిపాలు గారు అడిగారు. పెద్దాయన, గొంతు మెత్తగానే ఉంది.

"తెలుసు సార్. మా ఊరే."

"మామ అని పిలిచావట. మీ అమ్మగారి తమ్ముడా?"

"తమ్ముడే సార్. అంటే తోడబుట్టిన తమ్ముడు కాదు. ఊరి వరస."

ఆయన రిజిస్టరు తిప్పి చూశారు. "అతను క్రైస్తవుడు. మీరేమో గొర్రెల కాపర్లు. మీకూ వాళ్లకూ వరస ఎలా కలుస్తుంది? నిజం చెప్పమ్మా, నీకొచ్చే నష్టమేమీ లేదు."

నేను చెప్పాను. మా అమ్మ పుట్టిల్లు, వాళ్లమ్మ పుట్టిల్లు, ఆమె ఈమెకు చిన్నమ్మ ఎట్లా అయిందో, ఈయన నాకు మామ ఎట్లా అయ్యాడో, అంతా చెప్పాను. మా ఊళ్లో ఎవరూ విడమర్చి చెప్పే అవసరం రాని సంగతి. ఆ గదిలో, ఆ కుర్చీల ముందు, చెబుతుంటే నాకే అది అప్పటికప్పుడు అల్లిన కథలాగా వినిపించింది. పెద్దనాయన నా వైపు చూడటంలేదు. "ఎవరో నేర్పి పంపినట్టుంది సార్" అన్నారు లెక్చరరు గారు, నెమ్మదిగా, బాధగానే. ప్రిన్సిపాలు గారు నిట్టూర్చి కలం మూత తీశారు.

"వాళ్లమ్మ మా చేన్లో కూలికి వస్తాది సార్" అన్నాను.

కలం ఆగింది. ఆయన తలెత్తి చూశారు. నాకు దారి దొరికిందని అర్థమైంది. నోరు ఆగని దాన్ని కదా, ఇంకో అడుగు వేశాను. "పని చెప్పడానికి తప్ప అట్లాంటోళ్లతో నేనెందుకు మాట్లాడతా సార్?"

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. "అంతే సార్, అంతే. పనోళ్లను పల్లెల్లో అట్లనే పిలుస్తారు, పిల్లకు అలవాటు" అని పెద్దనాయన కుర్చీలో వెనక్కి జరిగాడు. లెక్చరరు గారి ముఖం తేటపడింది. ప్రిన్సిపాలు గారైతే నవ్వేశారు. "ఆ మాట ముందే చెప్పొద్దూ" అని కాగితాన్ని రెండుగా చింపి చెత్తబుట్టలో వేశారు. తర్వాత అతని వైపు తిరిగి, "బాగా చదువుకో బాబూ. వాళ్ల తిండి తింటున్న కుటుంబం మీది, అణకువగా ఉండు" అన్నారు.

"అట్లనే సార్" అన్నాడు అతను.

నేను సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, బయటికి వచ్చేటప్పుడు నాకు కలిగింది సంతోషం. గెలిచాననుకున్నాను. కాగితం చిరిగిన చప్పుడు చెవుల్లో ఉంది. వరండాలో అతను నాకు ముందు నడుస్తున్నాడు. ఇటు తిరిగి ఏదో అంటాడని చూశాను. తిరగలేదు. నేరుగా తరగతిలోకి పోయి తన బెంచీలో కూర్చుని పుస్తకం తెరిచాడు.

ఆ శనివారం బస్సులో అతను లేడు. నేను ఇంటికి చేరేసరికి అమ్మ లేచి తిరుగుతోంది, చిక్కిపోయింది గానీ నోరు మామూలే. ఆదివారం, పొద్దున బస్సుకు కొడుకు ఇల్లు చేరాక, చిన్నవ్వ వచ్చింది. కొంగులో సీతాఫలాలు, అడవిలో ఏరి తెచ్చినవి. ఎప్పుడూ నిలబడే చోటే, పంచలో గడపకు బయట నిలబడి, పండ్లను చేటలో పోసింది. "నా కొడుకు చదువు నిలబెట్టినావంట గదమ్మా. పెద్దసారు ముందర నువ్వే మాట్లాడినావంట. లేకుంటే ఇంటికి పంపిచ్చేటోళ్లంట. వాడు చెప్పినాడు" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంకేం చెప్పినాడు చిన్నవ్వా?" అని అడిగాను.

"ఇంకేముండాది చెప్పేదానికి? పాప ధైర్యంగా మాట్లాడింది అన్నాడు."

ఆమె పోయాక ఆ పండ్లను చూస్తూ కూర్చున్నాను. నేనన్న మాట అతను తల్లికి చెప్పలేదు. నా పరువు కాపాడాడో, తల్లి మనసు కాపాడాడో. తల్లి మనసే అయ్యుంటుంది. నేను ఓపలేక మా అమ్మకు చెప్పేశాను, ఆ గదిలో అన్న రెండు మాటలూ. అమ్మ చేట పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఆ ఒళ్లు తెలియని జ్వరంలో నా నోట్లో గంజి పోసింది ఎవరనుకున్నావు? ఆమేనే" అంది. చేట మళ్లీ అందుకుని, "పో. నువ్వన్న మాట నువ్వే పోయి చెప్పుకో. నేను రాను" అంది.

పట్టపగలు, వాగు దాటి పోయాను. పుట్టిన పదిహేడేళ్లలో ఆ పల్లెలోకి నేను పోవడం అదే మొదలు. మామా అని పిలిచిన మనిషి ఇల్లు ఏదో నాకు తెలియదు. ఇద్దరిని అడిగి కనుక్కోవాల్సి వచ్చింది. అడిగిన ప్రతివాళ్లూ పని చెప్పడానికి వచ్చాననుకున్నారు. "అక్క చేనికి పోయిందమ్మా, సాయంత్రం వస్తాది, ఏం చెప్పమంటావు?" అన్నారు.

అతను బోదగడ్డి కప్పు చూరు కింద నీడలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను తయారుచేసుకుని పోయిన మాటలన్నీ మర్చిపోయాను. "నేను ఆ పొద్దు అట్ల అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఏడుపొచ్చింది. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

అతను నోట్సు మూశాడు. తర్వాత చాలా మామూలుగా, లెక్క వివరించినట్టు చెప్పాడు. "ముందు నువ్వు వరసే చెప్పినావు గదా. నేను విన్నా. నమ్మినారా? నమ్మలే. మా అమ్మ కూలికి వస్తాది అన్నావు, నమ్మినారు. అది నిజమే. దాంట్లో నాకేం బాధ లేదు. దానికి నువ్వేం చేస్తావు?" నేను ముక్కు తుడుచుకున్నాను. "కాగితం ఆ మాటకే ఆగిపోయింది. సారు కలం ఆపినాడు, నువ్వూ చూసినావు. ఆ రెండో మాట మాత్రం ఎవరూ అడగలే నిన్ను."

కాగితాన్ని ఆపింది మొదటి మాట. రెండోది, నేను వాళ్లలో ఒకదాన్నని ఆ కుర్చీలకు చూపించుకోవడానికి అన్నాను. అది అతను పట్టుకున్నాడు. "చదువుకోవాల" అని అతను మళ్లీ కూర్చున్నాడు. కోపంగా అనలేదు. నేను వాగు దాటి ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత కాలేజీ మామూలుగా నడిచింది. వార్షికోత్సవానికి నాటకం వేశారు, ఆడవేషం కట్టిన పిల్లోడి జడ ఊడిపోయి అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. బాల్ బాడ్మింటన్ జట్టు గిద్దలూరు పోయి ఓడి వచ్చింది. అతను ఆడాడు. ఆటలో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు, టీకి పిలిచేవారు, అతనే పోయేవాడు కాదు. శనివారం బస్సు మాని ఆదివారం పొద్దున బస్సుకు ఊరికి పోవడం మొదలుపెట్టాడు. నేను వరండాలో తల వంచుకుని నడవడం బాగా నేర్చుకున్నాను. ఇంగ్లీషు లెక్చరరు గారు నన్ను బుద్ధిమంతురాలినని మెచ్చుకున్నారు కూడా.

వేసవిలో పరీక్షలు రాసి ఊరికి వచ్చేశాం. ఫలితాలు పేపర్లో నంబర్లుగా వేసేవారు. మా వైపు ఆ పేపరు మధ్యాహ్నం బస్సుకు గానీ వచ్చేది కాదు. ఆ రోజు నాయనతో యర్రగొండపాలెం పోయాను. నాయన గొర్రెల మందు కొనడానికి దుకాణంలోకి పోయాడు. బస్టాండులో టీ కొట్టు దగ్గర పది మంది ఒకే పేపరు చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో అతను. నన్ను చూసి, ఆ గుంపులోంచి పేపరుతో సహా బయటికి వచ్చాడు.

"మీ నంబరుందండీ" అన్నాడు. వేలు పెట్టి చూపించాడు కూడా.

మా ఊళ్లో ఎవరూ ఎవరినీ అండీ అనరు. ఆ మాట అతను కాలేజీలో నేర్చుకున్నాడు. వెటకారం లేదు, కోపం లేదు, నా నంబరు కనిపించిందన్న సంతోషం నిజంగానే ఉంది అతని ముఖంలో. పరీక్షలప్పుడు నోటీసు బోర్డు మీద అందరి నంబర్లూ అంటించారు. అక్కడ చూసి నాది గుర్తు పెట్టుకున్నట్టున్నాడు. ఆ బోర్డు ముందు నేనూ నిలబడ్డాను, నాది చూసుకుని వచ్చేశాను.

పేపరు నా చేతికిచ్చాడు. బారులు తీరిన నంబర్ల మీద కళ్లు పరుగెత్తించాను. అందులో అతని నంబరు ఏదో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. అడగాలంటే ముందు అతన్ని ఏదో ఒకటి అని పిలవాలి.